గళ్ళలో దాగిన నిజం

శోళవరం తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాలో ఉన్న ఊరు. చెన్నై నుంచి కోల్‌కతా వైపు వెళ్ళే పెద్ద రహదారి ఈ ప్రాంతం మీదుగానే పోతుంది. ఇక్కడి పెద్ద చెరువు చెన్నై నగరానికి తాగునీరు అందించే జలాశయాలలో ఒకటి. చుట్టుపక్కల పల్లెలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి.

ఈ ఊరికి ఆకాశంతో రెండు విధాల సంబంధం ఉంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడ విమానాలు దిగడానికి పొడవైన రన్‌వే వేశారు. యుద్ధం ముగిసిన తరువాత దాని మీద చాలా ఏళ్ళు మోటారు పందాలు జరిగాయి. ఇది మొదటి సంబంధం. శోళవరానికి ఉత్తరంగా, సూటిగా కొలిస్తే సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, పులికాట్ సరస్సుకు అవతల శ్రీహరికోట ఉంది. భారతదేశపు రాకెట్లు అక్కడి నుంచే అంతరిక్షానికి వెళతాయి. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున రాకెట్టు నిప్పులు కక్కుతూ పైకి లేవడం ఈ ప్రాంతం వారికి కూడా కనిపిస్తుంది. ఇది రెండవ సంబంధం.

అటువంటి ఊరి బడిలో ఒకనాడు ఎనిమిదవ తరగతి పిల్లలకు లెక్కల ఉపాధ్యాయుడు ఒక కొత్త ఆట నేర్పారు. దాని పేరు గళ్ళ ప్రహేళిక. ప్రహేళిక అంటే చిక్కు ప్రశ్న. ఈ ఆటకు కావలసినవి కొన్ని ఆధారాలు, ఒక కాగితం, ఒక పెన్సిలు, ఒక రబ్బరు. అన్నిటికంటె ముఖ్యంగా కావలసినది ఓపిక.

"సార్, ఇది పొడుపుకథ వంటిదా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"కాదమ్మా. పొడుపుకథ విప్పాలంటే జవాబు చటుక్కున తట్టాలి. దీనికి తట్టడంతో పని లేదు. ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ పోవాలి. ఏ మెట్టు మీదా కాలు జారకపోతే చివరి మెట్టు మీద జవాబు ఉంటుంది" అన్నారు ఉపాధ్యాయుడు.

తరువాత ఆయన ఒక నియమం పెట్టారు. పట్టికలో ఎవరు ఏ గుర్తు పెట్టినా, 'కాబట్టి' అనే మాటతో ఒక తెలుగు వాక్యం చెప్పాలి. అలా చెప్పలేకపోతే ఆ గుర్తు పెట్టకూడదు. పిల్లలు నవ్వుకున్నారు. ఆ చిన్న మాట ఎంత పని చేస్తుందో అప్పటికి వారికి తెలియదు.

మొదటి ప్రహేళిక

ఉపాధ్యాయుడు విమానాల కథతో మొదలుపెట్టారు. నల్లబల్ల మీద మూడు పేర్లు రాశారు: రైట్ సోదరులు, లిండ్‌బర్గ్, టాటా. మూడు సంవత్సరాలు రాశారు: 1903, 1927, 1932. ముగ్గురివీ పేరుపొందిన విమాన ప్రయాణాలే. ఒక్కొక్కటి ఒక్కొక్క సంవత్సరంలో జరిగింది. ఏది ఎప్పుడు జరిగిందో కనిపెట్టాలి. ఆధారాలు రెండే.

1. లిండ్‌బర్గ్ ప్రయాణం తరువాతనే టాటా ప్రయాణం జరిగింది.
2. 1903లో ఎగిరినది లిండ్‌బర్గ్ కాదు.

పేర్లను అడ్డు వరుసలకు, సంవత్సరాలను నిలువు వరుసలకు రాసి ఆయన తొమ్మిది గళ్ళు గీశారు. కాదని తేలిన గడిలో ఇంటూ గుర్తు, అవునని తేలిన గడిలో టిక్కు గుర్తు పెట్టాలి. ఏమీ తేలని గడిని ఖాళీగా వదలాలి.

ఒక అమ్మాయి లేచి మొదటి వాక్యం చెప్పింది. "టాటా కంటె ముందు లిండ్‌బర్గ్ ఉన్నాడు. కాబట్టి టాటాది అన్నిటికంటె ముందు సంవత్సరమైన 1903 కాదు."

"బాగుంది. అదే ఆధారంలో ఇంకొక సంగతి కూడా ఉంది, చూడండి" అన్నారు ఉపాధ్యాయుడు.

వెనుక బల్ల నుంచి ఒక బాలుడు అందుకున్నాడు. "లిండ్‌బర్గ్ తరువాత టాటా ఉన్నాడు. కాబట్టి లిండ్‌బర్గ్‌ది అన్నిటికంటె చివరిదైన 1932 కాదు."

ఒక్క ఆధారం నుంచి రెండు ఇంటూలు వచ్చాయి. రెండవ ఆధారం లిండ్‌బర్గ్ వరుసలో 1903 కింద మరొక ఇంటూ పెట్టింది. ఆ వరుసలో ఇక మిగిలినది ఒకే గడి. కాబట్టి లిండ్‌బర్గ్ ఎగిరినది 1927లో. అక్కడ టిక్కు పడగానే 1927 నిలువు వరుసలోని మిగిలిన రెండు గళ్ళలో ఇంటూలు పడ్డాయి. అప్పుడు టాటాకు 1932 ఒక్కటే మిగిలింది. రైట్ సోదరులకు 1903 మిగిలింది. రైట్ సోదరులను గురించి ఆధారాలలో ఒక్క మాటైనా లేదు. అయినా వారి సంవత్సరం తేలిపోయింది.

| | 1903 | 1927 | 1932 |
|---|---|---|---|
| రైట్ సోదరులు | ✓ | × | × |
| లిండ్‌బర్గ్ | × | ✓ | × |
| టాటా | × | × | ✓ |

జవాబును చరిత్రతో సరిచూశారు. అమెరికాలోని కిట్టీ హాక్ వద్ద 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల యంత్రం మొదటిసారి 12 సెకన్ల పాటు గాలిలో ఎగిరింది. 1927 మే నెలలో చార్లెస్ లిండ్‌బర్గ్ ఒంటరిగా న్యూయార్క్ నుంచి పారిస్ వరకు ఎక్కడా ఆగకుండా ముప్పై మూడు గంటలకు పైగా విమానం నడిపాడు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా తపాలా సంచులతో కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి చిన్న విమానాన్ని నడిపారు. అక్కడి నుంచి ఆ తపాలాను నెవిల్ విన్‌సెంట్ అనే వైమానికుడు బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. ఆ మొదటి తపాలా విమాన మార్గానికి చివరి మజిలీ మద్రాసే అని తెలిసి పిల్లలు సంతోషించారు.

రెండవ ప్రహేళిక

ఇక అంతరిక్షం వంతు వచ్చింది. ఈసారి ఉపాధ్యాయుడు మూడు జాబితాలు రాశారు.

ఉపగ్రహాలు: ఆర్యభట, రోహిణి, ఆపిల్, చంద్రయాన్-1.
రాకెట్లు: ఎస్.ఎల్.వి.-3, ఏరియాన్, కాస్మోస్, పి.ఎస్.ఎల్.వి.
సంవత్సరాలు: 1975, 1980, 1981, 2008.

ఒక్కొక్క ఉపగ్రహం ఒక్కొక్క రాకెట్టు మీద, ఒక్కొక్క సంవత్సరంలో వెళ్ళింది. ఆధారాలు నాలుగు.

1. ఎస్.ఎల్.వి.-3 మీద ఒక ఉపగ్రహం వెళ్ళిన మరుసటి సంవత్సరమే ఆపిల్ వెళ్ళింది.
2. ఆర్యభట, రోహిణి అనే రెండింటిలో ఒకటి 1975లో వెళ్ళింది. మరొకటి ఎస్.ఎల్.వి.-3 మీద వెళ్ళింది.
3. కాస్మోస్ మీద వెళ్ళిన ఉపగ్రహం రోహిణి కంటె ముందు వెళ్ళింది.
4. ఏరియాన్ ప్రయోగం పి.ఎస్.ఎల్.వి. ప్రయోగం కంటె ముందు జరిగింది.

"మీలో కొందరికి ఈ సంగతులు ముందే తెలిసి ఉండవచ్చు. కాని తెలిసిన సంగతిని ఇక్కడ రాయకూడదు. నాలుగు ఆధారాలు తప్ప మరేమీ తెలియని వారిలాగా ఆలోచించండి" అని ఉపాధ్యాయుడు హెచ్చరించారు.

ఇప్పుడు పట్టిక పెద్దదయింది. ఉపగ్రహాలకు రాకెట్లతో 16 గళ్ళు, ఉపగ్రహాలకు సంవత్సరాలతో 16 గళ్ళు, రాకెట్లకు సంవత్సరాలతో 16 గళ్ళు, మొత్తం 48 గళ్ళు. అందులో 12 టిక్కులు, 36 ఇంటూలు పడితే ప్రహేళిక విడిపోయినట్లు.

మొదటి ఆధారాన్ని పిల్లలు రెండుసార్లు చదివారు. ఎస్.ఎల్.వి.-3 మీద వెళ్ళినది ఒకటి, ఆపిల్ వేరొకటి. కాబట్టి ఆపిల్ ఎస్.ఎల్.వి.-3 మీద వెళ్ళలేదు. ఇది ఒక సంగతి. రెండవ సంగతిని ముందు బల్లలోని అమ్మాయి పట్టుకుంది. ఇచ్చిన నాలుగు సంవత్సరాలలో ఒకదాని పక్కన ఒకటి వచ్చేవి 1980, 1981 మాత్రమే. కాబట్టి ఎస్.ఎల్.వి.-3 ప్రయోగం 1980లో, ఆపిల్ ప్రయోగం 1981లో జరిగాయి. ఒకే వాక్యంతో రెండు టిక్కులు పడ్డాయి.

రెండవ ఆధారం ఆర్యభట, రోహిణులను గురించినది. కాని అందులో చంద్రయాన్-1 సంగతి కూడా దాగి ఉంది. 1975, ఎస్.ఎల్.వి.-3 ఈ రెండూ ఆర్యభట, రోహిణుల మధ్యనే పంచబడ్డాయి. కాబట్టి చంద్రయాన్-1కు 1975 లేదు, ఎస్.ఎల్.వి.-3 లేదు. ఎస్.ఎల్.వి.-3 లేనప్పుడు దాని సంవత్సరమైన 1980 కూడా లేదు. 1981 ఆపిల్‌ది. కాబట్టి చంద్రయాన్-1కు మిగిలినది 2008.

ఇంతవరకు నడక సాఫీగా సాగింది. ఇప్పుడు ఆర్యభట, రోహిణులలో ఏది 1975లో వెళ్ళింది, ఏది ఎస్.ఎల్.వి.-3 మీద వెళ్ళింది అనే ప్రశ్న మిగిలింది. తరగతిలో ఒక బాలుడు ఉన్నాడు. లెక్క చెప్పీ చెప్పకముందే జవాబు చెప్పడం అతని అలవాటు. చాలాసార్లు ఆ జవాబు సరిగానే ఉండేది. అతడు చరచరా వెళ్ళి ఆర్యభటకు, ఎస్.ఎల్.వి.-3కి ఎదురుగా ఉన్న గడిలో పెద్ద టిక్కు పెట్టాడు.

"కాబట్టి ఏది నాయనా?" అని ఉపాధ్యాయుడు అడిగారు.

"ఆర్యభట మన దేశపు మొదటి ఉపగ్రహం సార్. ఎస్.ఎల్.వి.-3 మన దేశపు మొదటి ఉపగ్రహ వాహకం. మొదటిదానిని మొదటిదే మోసి ఉంటుంది కదా!"

తరగతిలో చాలామంది తలలు ఊపారు. వినడానికి ఆ మాట సబబుగానే ఉంది. కాని ముందు బల్లలోని అమ్మాయి, "ఆ సంగతి నాలుగు ఆధారాలలో ఎక్కడుంది?" అని అడిగింది. బాలుడు బల్ల వైపు చూశాడు. ఎక్కడా లేదు.

ఉపాధ్యాయుడు ఆ టిక్కును వెంటనే తుడిచివేయలేదు. దాని పక్కన ఒక ప్రశ్న గుర్తు వేశారు. "సరే, ఇది నిజమే అనుకుందాం. అయితే ఏమవుతుందో చూద్దాం" అన్నారు.

ఆర్యభట ఎస్.ఎల్.వి.-3 మీద వెళితే, రెండవ ఆధారం ప్రకారం రోహిణి 1975లో వెళ్ళి ఉండాలి. మూడవ ఆధారం ప్రకారం కాస్మోస్ మీద వెళ్ళిన ఉపగ్రహం రోహిణి కంటె ముందు వెళ్ళాలి. అంటే 1975 కంటె ముందు. కాని ఇచ్చిన సంవత్సరాలలో 1975కు ముందు మరొకటి లేదు! దారి అక్కడ మూసుకుపోయింది.

తరగతి నిశ్శబ్దమయింది. బాలుడి ముఖం చిన్నబోయింది. ఉపాధ్యాయుడు అతని భుజం మీద చేయి వేసి ఇలా అన్నారు. "నువ్వు ఊహించడం తప్పు కాదు నాయనా. ఊహించకుండా ఏ శాస్త్రమూ ముందుకు సాగదు. ఊహను టిక్కుగా రాయడమే తప్పు. పక్కన ప్రశ్న గుర్తు ఉంటే అదే ఊహ మనకు సాయం చేస్తుంది. ఇప్పుడు చూడు, నీ ఊహ ఎంత మేలు చేసిందో! ఉన్నవి రెండే దారులు. వాటిలో ఒకటి మూసుకుపోయింది. కాబట్టి రెండవదే నిజం."

బాలుడే తన టిక్కును తుడిచాడు. ఆ చోట ఇంటూ పెట్టాడు. రోహిణికి ఎస్.ఎల్.వి.-3, ఆర్యభటకు 1975 అని గుర్తులు పెట్టాడు. ప్రతి గుర్తుకూ 'కాబట్టి' చెప్పాడు.

ఎస్.ఎల్.వి.-3 ప్రయోగం 1980లో అని ముందే తేలింది. కాబట్టి రోహిణి వెళ్ళినది 1980లో. కాస్మోస్ ప్రయోగం అంతకు ముందు జరగాలి. కాబట్టి కాస్మోస్ 1975లో, ఆర్యభటతో వెళ్ళింది. ఇక మిగిలిన రాకెట్లు ఏరియాన్, పి.ఎస్.ఎల్.వి. మిగిలిన సంవత్సరాలు 1981, 2008. నాలుగవ ఆధారం ప్రకారం ఏరియాన్ ముందు. కాబట్టి ఏరియాన్ 1981లో ఆపిల్‌ను, పి.ఎస్.ఎల్.వి. 2008లో చంద్రయాన్-1ను మోసుకుపోయాయి.

| ఉపగ్రహం | రాకెట్టు | సంవత్సరం |
|---|---|---|
| ఆర్యభట | కాస్మోస్ | 1975 |
| రోహిణి | ఎస్.ఎల్.వి.-3 | 1980 |
| ఆపిల్ | ఏరియాన్ | 1981 |
| చంద్రయాన్-1 | పి.ఎస్.ఎల్.వి. | 2008 |

పట్టిక వెనుక చరిత్ర

పట్టిక నిండిన తరువాత ఉపాధ్యాయుడు ఆ నాలుగు ప్రయోగాల కథ చెప్పారు. ఆర్యభట మన శాస్త్రజ్ఞులు తయారు చేసిన ఉపగ్రహమే. కాని 1975లో దానిని మోయగల రాకెట్టు మన దేశం వద్ద లేదు. అందువల్ల ఏప్రిల్ 19న సోవియట్ యూనియన్ భూమి నుంచి, ఆ దేశపు రాకెట్టే దానిని కక్ష్యలోకి చేర్చింది. మన రాకెట్టు మీద, శ్రీహరికోట నుంచి కక్ష్యను చేరిన మొదటి ఉపగ్రహం రోహిణి. ఆ రోజు 1980 జూలై 18. దాని బరువు 35 కిలోగ్రాములు మాత్రమే. ఆపిల్ సమాచార ఉపగ్రహం. 1981 జూన్ 19న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా నుంచి ఏరియాన్ దానిని మోసింది. ప్రయోగానికి ముందు ఒక పరీక్ష కోసం ఆపిల్‌ను ఎద్దుల బండి మీద ఉంచారు. లోహపు వాహనమైతే పరీక్షకు ఆటంకం కలుగుతుంది. చెక్క బండితో ఆ చిక్కు లేదు. ఆ ఛాయాచిత్రం నేటికీ ప్రసిద్ధమే. చంద్రయాన్-1 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి బయలుదేరింది. చంద్రుని నేల మీద నీటి అణువుల జాడ కనిపెట్టడంలో దానికి గొప్ప పాత్ర ఉంది.

"సార్, 1980 కంటె ముందు ఎస్.ఎల్.వి.-3 ఎగరలేదా?" అని టిక్కు తుడిచిన బాలుడు అడిగాడు.

ఉపాధ్యాయుడు ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్లున్నారు. సుద్దముక్క కింద పెట్టి కథ మొదలుపెట్టారు.

1979 ఆగస్టు 10వ తేదీ. శ్రీహరికోటలో ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగానికి సిద్ధంగా నిలబడి ఉంది. దాని ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. అందులో ఒకదాని మీద ఒకటిగా నాలుగు దశలు ఉన్నాయి. ఒక్కొక్క దశ మండి, తన పని ముగించి, విడిపోవాలి. ఎన్నో ఏళ్ళ శ్రమ ఆ రాకెట్టు. దాని నిర్మాణ బాధ్యత ఏ.పి.జె. అబ్దుల్ కలాం గారిది. అంతరిక్ష పరిశోధన సంస్థ అధ్యక్షులు సతీష్ ధావన్ గారు.

రాకెట్టు పైకి లేచింది. మొదటి దశ చక్కగా పని చేసింది. రెండవ దశలో రాకెట్టు అదుపు తప్పింది. బయలుదేరిన 317 సెకన్లకు ప్రయాణం ముగిసి, అది బంగాళాఖాతంలో కూలిపోయింది.

ఎందుకు కూలింది? శాస్త్రజ్ఞుల ముందు అప్పుడొక ప్రహేళిక నిలిచింది. రాకెట్టు సముద్రంలో ఉంది. చేతిలో ఉన్న ఆధారాలలో ముఖ్యమైనవి అది ఎగిరినంతసేపు పంపిన సంకేతాలు. వాటిని ముందు పెట్టుకొని వారు ఒక్కొక్క కారణాన్నీ పరిశీలించారు. మొదటి దశ సరిగా మండింది. కాబట్టి తప్పు అక్కడ లేదు. మూడు, నాలుగు దశల వంతు రాకముందే రాకెట్టు అదుపు తప్పింది. కాబట్టి తప్పు అక్కడా లేదు. మిగిలినది రెండవ దశ. ఆ దశలో రాకెట్టును దారిలో నిలిపే నియంత్రణ బలం లేకుండా పోయింది. ఆ బలం పుట్టాలంటే ఇంధనం, దానిని మండించే నత్రికామ్లం రెండూ కలవాలి. ఇంధనం వచ్చింది, బలం పుట్టలేదు. కాబట్టి లేనిది నత్రికామ్లం. అది ఎక్కడికి పోయింది? ప్రయోగానికి 8 నిమిషాల ముందు ఒక కవాటం తెరుచుకొని, మలినం అడ్డుపడి తిరిగి మూసుకోలేదు. ఆమ్లం అక్కడి నుంచి కారిపోయింది. ఆ విధంగా ఇంటూలు పెట్టుకుంటూ పోయి, అంత పెద్ద రాకెట్టులో ఒక చిన్న కవాటం దగ్గర వారు టిక్కు పెట్టగలిగారు.

"ఆ లోపం ముందుగా ఎవరికీ తెలియలేదా సార్?" అని అమ్మాయి అడిగింది.

ఆ సంగతిని కలాం గారే తరువాతి కాలంలో దాచకుండా చెప్పారు. ప్రయోగానికి కొద్ది నిమిషాల ముందు కంప్యూటరు ఆగమని సూచించింది. పరిశీలించిన నిపుణులు, కారినది కొంచెమే, కావలసినంత నిల్వ ఉంది అని భావించారు. ఆ మాట మీద కలాం గారు కంప్యూటరు సూచనను పక్కన పెట్టి ప్రయోగానికి అనుమతించారు.

ఉపాధ్యాయుడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత నల్లబల్ల మీద తాను వేసిన ప్రశ్న గుర్తును చూపించారు. "వారు మనకంటె ఎన్నో రెట్లు తెలిసినవారు. వారి లెక్క కూడా వినడానికి సబబుగానే ఉంది. కాని అది ఇంకా ప్రశ్న గుర్తు ఉన్న ఊహ. ఆనాడు దానిని టిక్కుగా తీసుకున్నారు. పట్టికలోని టిక్కు తప్పయితే రబ్బరుతో తుడుచుకోవచ్చు. ఎగిరిన రాకెట్టును తుడిచి మళ్ళీ రాయలేము" అన్నారు.

అయితే కథ అక్కడితో ముగియలేదు. ప్రయోగం విఫలమైన రోజున పత్రికల వారి ముందుకు సతీష్ ధావన్ గారే వెళ్ళి బాధ్యత తన మీద వేసుకున్నారు. శాస్త్రజ్ఞులు లోపాన్ని కనిపెట్టి సరిదిద్దారు. పదకొండు నెలల తరువాత ఎస్.ఎల్.వి.-3 మళ్ళీ ఎగిరింది. రోహిణి కక్ష్యను చేరింది. ఆ రోజున ధావన్ గారు పత్రికల వారితో మాట్లాడమని కలాం గారిని ముందుకు పంపారు.

గంట కొట్టారు. పిల్లలు పుస్తకాలు సర్దుకున్నారు. టిక్కు తుడిచిన బాలుడు మాత్రం తన నోటుపుస్తకంలో పట్టికను మొదటి నుంచి మళ్ళీ గీయసాగాడు. ప్రతి గుర్తు కిందా ఒక వాక్యం రాశాడు. ఆర్యభటకు, ఎస్.ఎల్.వి.-3కి ఎదురుగా ఉన్న గడిలో ఇంటూ పెట్టి, దాని కింద ఇలా రాసుకున్నాడు: "ఇక్కడ నేను మొదట టిక్కు పెట్టాను. దారి మూసుకుపోయింది. కాబట్టి ఇది కాదు."

తరువాత కొన్నాళ్ళకు శ్రీహరికోట నుంచి ఒక రాకెట్టు బయలుదేరింది. శోళవరం చెరువు కట్ట మీద పిల్లలు గుంపుగా నిలబడి ఉత్తరం వైపు చూశారు. మబ్బుల మీదుగా నిప్పుల గీత పైకి సాగింది. చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు. ఆ బాలుడు మాత్రం చేతులు కదపకుండా చూస్తున్నాడు.

"నువ్వెందుకు చప్పట్లు కొట్టలేదు?" అని అమ్మాయి అడిగింది.

"ఇంకా రెండవ దశ ఉంది కదా!" అన్నాడు అతడు.

కొత్త పదాలు

ప్రహేళిక = చిక్కు ప్రశ్న
ఆధారం = జవాబుకు దారి చూపే సంగతి
సబబు = న్యాయం, తగినది
కక్ష్య = గ్రహం చుట్టూ ఉపగ్రహం తిరిగే మార్గం
వాహకం = మోసేది
నత్రికామ్లం = ఒక ఘాటైన ఆమ్లం
కవాటం = ద్రవాన్ని ఆపడానికి, వదలడానికి ఉపయోగపడే చిన్న తలుపు వంటి భాగం
మలినం = మురికి

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.
1. శోళవరానికి ఆకాశంతో ఉన్న రెండు సంబంధాలు ఏవి?
2. ఉపాధ్యాయుడు పిల్లలకు పెట్టిన నియమం ఏమిటి? అది ఎందుకు పెట్టారు?
3. రైట్ సోదరులను గురించి ఆధారం లేకపోయినా వారి సంవత్సరం ఎలా తేలింది?
4. బాలుడి ఊహ తప్పయినా అది మేలు చేసిందని ఉపాధ్యాయుడు ఎందుకన్నారు?

II. కింది ప్రశ్నకు పదిహేను వాక్యాలలో జవాబు రాయండి.
1979లో ఎస్.ఎల్.వి.-3 కూలిపోయిన కారణాన్ని శాస్త్రజ్ఞులు ఎలా కనిపెట్టారు? ఆ పద్ధతికి, గళ్ళ ప్రహేళికకు గల పోలికలను వివరించండి.

III. కింది ఖాళీలను 'కాబట్టి', 'అయితే', 'అయినా' అనే మాటలలో తగినదానితో పూరించండి.
1. మొదటి దశ సరిగా మండింది. ______ తప్పు అక్కడ లేదు.
2. ఆర్యభట మన ఉపగ్రహమే. ______ అది మన రాకెట్టు మీద వెళ్ళలేదు.
3. రోహిణి 1975లో వెళ్ళింది అనుకుందాం. ______ కాస్మోస్ ఎప్పుడు వెళ్ళినట్లు?

IV. కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
మరొకటి, నువ్వెందుకు, బంగాళాఖాతం

V. చేసి చూడండి.
గగారిన్, ఆర్మ్‌స్ట్రాంగ్, రాకేశ్ శర్మ అనే ముగ్గురు వ్యోమగాములు వోస్తోక్-1, అపోలో-11, సోయజ్ టి-11 అనే మూడు నౌకలలో 1961, 1969, 1984 సంవత్సరాలలో అంతరిక్షానికి వెళ్ళారు. ఎవరు ఏ నౌకలో, ఏ సంవత్సరంలో వెళ్ళారు? 27 గళ్ళ పట్టిక గీసి కనిపెట్టండి. ప్రతి గుర్తుకూ 'కాబట్టి' తో ఒక వాక్యం రాయండి.
1. సోయజ్ టి-11లో వెళ్ళినవాడు ఆర్మ్‌స్ట్రాంగ్ తరువాత వెళ్ళాడు.
2. గగారిన్ అపోలో-11 ఎక్కలేదు, సోయజ్ టి-11 కూడా ఎక్కలేదు.
3. వోస్తోక్-1 ప్రయాణం అపోలో-11 ప్రయాణం కంటె ముందు జరిగింది.